పొందూరులో ఆవు

మార్చి 3, సోమవారం

ఈ రోజు డ్వాక్రా సంఘం మీటింగులో నా ఆవు గురించి అడిగారు. ఈనిందని చెప్పాను.

పెయ్యదూడ అని కూడా చెప్పాను. ఆ మాట ఎవరూ అడగలేదు. నా నోరే చెప్పింది.

లక్ష్మణమ్మ ఎంత సంతోషించిందో. మా సంఘానికి లీడరు ఆవిడే. వరసకు ఏమీ కాకపోయినా ముప్పై ఏళ్ళుగా వదినా అంటే వదినా అనుకుంటున్నాం. "ఒలమ్మ, పెయ్యా! మంచి శకునమే వదినా. పాలెన్ని ఇస్తన్నాది?" అంది.

"దూడ తాగ్గా మూడు లీటర్లు," అన్నాను.

ప్రభువా, ఆవు లేదని నీకు తెలుసు. పొందూరులో మా చెల్లెలి ఇంటి దగ్గర గడ్డి బాగుంటుంది, అక్కడ ఉంచాను అని జనవరిలో చెప్పాను. అదొక్కటే చెబితే సరిపోతుందనుకున్నాను. ఆవు కోసం ఇచ్చిన ముప్పై వేలు నాలుగు ఫ్యాన్లయి నీ మందిరంలోనే తిరుగుతున్నాయి. నీ దగ్గరే ఉన్నాయి. అందుకని ఇది మరీ అబద్ధం కాదేమో.

అప్పు కాగితంలో ఆవు అని రాయించింది లక్ష్మణమ్మే. నేను కాదనలేదు, అంతే.

మార్చి 4

మూడు లీటర్లు ఎక్కువ చెప్పానేమో. నాటు ఆవు అంత ఇవ్వదు.

మార్చి 9, ఆదివారం

మందిరంలో మా ఫ్యాను కిందే కూర్చున్నాను. చల్లగా ఉంది. కానీ మెడ వెనక చెమట.

రెక్కల మీద ఎర్ర రంగుతో రాయించాం. ఒక రెక్క మీద సోములు, రెండో రెక్క మీద జ్ఞాపకార్థం, మూడో రెక్క మీద భార్య గున్నమ్మ. నాలుగు ఫ్యాన్ల మీదా అలాగే. తిరిగేటప్పుడు ఎర్ర గీతలా కనిపిస్తుంది తప్ప చదవడానికి రాదు. ఆగితేనే పేరు.

ఆయన ముప్పై ఏళ్ళు ఈ మందిరం ఊడ్చాడు, గంట కొట్టాడు. ఒక్క రూపాయి జీతం తీసుకోలేదు. ఆయన పేరు ఎక్కడా లేదు. టీచరు గారి భార్య అరుణశ్రీ వాళ్ళ మామగారి పేరు మీద క్రిస్మస్‌కు రెండు ఫ్యాన్లు ఇచ్చింది. ఆ మామగారు మందిరానికి ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు నేను లేచి, మా ఆయన సంవత్సరీకం ప్రార్థన కూటమికి నాలుగు ఫ్యాన్లు ఇస్తానని చెప్పాను. ఆత్మ ప్రేరేపించింది అనుకున్నాను.

రెండు అని ఆవిడ చెప్పకపోతే నాలుగు అని నేను చెప్పేదాన్నా? తెలియదు.

బైబిల్లో పేద విధవరాలు తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేస్తే ప్రభువు మెచ్చుకున్నాడు. నేనూ పేద విధవరాలినే.

నా పేరు ఆయన పేరు కంటే పెద్దగా వచ్చింది. పెయింటరు తప్పు.

మార్చి 12

చీపురుపల్లి నుంచి ఈశ్వరి ఫోను చేసింది. "ఏటమ్మా, ఆవు కొన్నావంట, ఈనిందంట! కన్నకూతుర్ని, ఊరంతా తెలిసినాక నాకు తెలవాలా?"

ఎవరు చెప్పారే అంటే, లక్ష్మణమ్మ వాళ్ళ కోడలు చెప్పిందంట. "సంటిదానికి డబ్బాపాలు పడటం లేదు. ఆదివారం పొందూరు ఎల్లి ఆవుపాలు తెచ్చుకుంటాను. పిన్నికి సెప్పు," అంది.

వద్దన్నాను. ఆవుకు జ్వరం అన్నాను.

కన్నకూతురికి కూడా.

మార్చి 17, సోమవారం

పింఛను నాలుగు వేలు. మందిరానికి దశమభాగం నాలుగు వందలు ఒకటో తారీఖునే తీసి కవరులో పెట్టాను. ఈ రోజు సంఘానికి వాయిదా పదిహేడు వందలు కట్టాను. కరెంటు, గ్యాసు ఐదు వందలు. బీపీ, షుగరు మాత్రలకు ఆరు వందలు కావాలి. మిగిలింది ఎనిమిది వందలు, ఇంకా నెల సగం ఉంది. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నాను. అలా అయితే మూడు వందలే.

లక్ష్మణమ్మ అంది: "పాల డబ్బులుండగా నీకేటి వదినా బెంగ! అలా సిక్కిపోయావేటి?"

మార్చి 18

ముప్పై వేలకు లెక్క ఎప్పుడూ రాయలేదు. ఫ్యాన్లు తొమ్మిది వేల ఆరు వందలు. పేర్లు రాసినందుకు నాలుగు వందలు. కార్డులు అచ్చు వేయించడానికి, బస్సు చార్జీలకు రెండు వేలు. కూటమి నాడు భోజనాలు పద్దెనిమిది వేలు.

భోజనాలే ఎక్కువ. ఆ సంగతి మార్చి 3న రాయలేదు. అన్నీ ఫ్యాన్లయి తిరుగుతున్నాయని రాశాను.

రెండు వందల మంది తిన్నారు. కోడికూర బాగుందన్నారు. అరుణశ్రీ రెండోసారి వడ్డించమంది. అప్పుడు నాకు ఎంత బాగుందో.

మార్చి 24, సోమవారం

ఆవుకు ఫోటో తీస్తారంట.

మండలం నుంచి సంఘాలను చూసుకునే పద్మకుమారి వచ్చింది. ఎవరు ఏ పని కోసం అప్పు తీసుకున్నారో ఆ వస్తువు పక్కన నిలబెట్టి ఫోనులో ఫోటో తీసి పంపాలంట. కుట్టుమిషను అయితే కుట్టుమిషను, మేకలైతే మేకలు. ఏప్రిల్ 2న వస్తుందంట. వస్తువు లేకపోతే సంఘం మొత్తాన్ని పక్కన పెడతారంట. పదిమందికీ జూన్‌లో రావలసిన కొత్త అప్పు ఆగిపోతుంది. లక్ష్మణమ్మ ఆ డబ్బుతో విత్తనాలు, ఎరువులు కొనాలని చూస్తోంది.

"ఆవును చూసినట్టు సంతకం ఎవరు పెట్టారు?" అని పద్మకుమారి అడిగింది.

"నానే. సూళ్ళేదనుకో. గున్నమ్మ సర్చికెల్లే మడిసి, అబద్దమాడదు. దానికి మల్లీ ఎల్లి సూడ్డమేటి?" అంది లక్ష్మణమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మార్చి 25

ఆవు అని రాయించింది నేనే. లక్ష్మణమ్మ "ఏటి రాయమంటావు వదినా?" అని అడిగింది. నేను ఆవు అన్నాను. ఫ్యాన్లంటే ఇవ్వరని తెలిసే అన్నాను.

మార్చి 27

జగన్నాధం దగ్గరకు వెళ్ళాను. మా వీధి చివర ఇల్లు. ఎర్రావు ఒకటి ఉంది అతనికి, దూడ కూడా. ఒక్క గంట నా పెరట్లో కట్టుకుంటాను అన్నాను. ఎందుకు అని అడిగాడు. ఫోటోకి అన్నాను.

పగలబడి నవ్వాడు. "పెళ్ళిసూపులకేటి అప్పా? మా ఆవుకి బొట్టు కూడా ఎట్టి పంపించమంటావేటి?"

నేను ఏడుస్తానేమోనని భయపడ్డట్టున్నాడు. "సరే, తోలుకుపో. డబ్బులొద్దు. తవుడు మాత్రం నువ్వే ఎట్టాల," అన్నాడు.

తవుడు యాభై రూపాయలు.

మార్చి 30, ఆదివారం

ఈ రోజు రాయకూడదనుకున్నాను.

పాస్టరు గారు విధవరాలి రెండు కాసుల గురించే చెప్పారు. చెబుతూ చెబుతూ నా వైపు చెయ్యి చూపించారు. "మన మధ్యే ఉన్నారు అలాంటి తల్లి. పింఛను తప్ప ఏ ఆధారమూ లేని గున్నమ్మ గారు, ఉన్న కొంచెంలో దాచి దాచి దేవుని మందిరానికి గాలి ఇచ్చారు. డబ్బును ఎలా వాడాలో ఆమెను చూసి నేర్చుకోండి," అన్నారు.

అప్పుడే కరెంటు పోయింది.

ఫ్యాన్లు మెల్లగా ఆగాయి. అందరూ తలెత్తి చూశారు. సోములు. జ్ఞాపకార్థం. భార్య గున్నమ్మ. నాలుగుసార్లు. పక్కన కూర్చున్న ముసలావిడ నా చెయ్యి తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

బతికున్నన్నాళ్ళూ ఆ మనిషి ఎవరి దగ్గరా పావలా అప్పు చెయ్యలేదు. చెప్పులు తెగితే తెగినవి కట్టుకుని నడిచాడు కానీ చెయ్యి చాపలేదు. ఆయన పేరు తెచ్చి అప్పు మీద రాయించాను.

నా పేరు పెద్దగా రాయమన్నది నేనే. రెక్క ఖాళీగా ఉంది కదా, నిండా రాయి బాబూ అన్నాను.

ఏప్రిల్ 1

పింఛను వచ్చింది. దశమభాగం తీయబోయి ఆగాను. ఎవరి డబ్బులోంచి ఎవరికి తీస్తున్నాను?

రేపు ఫోటో.

ఏప్రిల్ 2, బుధవారం

పొద్దున్నే జగన్నాధం ఆవును తెచ్చి నా పెరట్లో వేపచెట్టుకు కట్టాడు. దూడను కూడా. తవుడు పెట్టాను. అది నన్ను చూడలేదు, తవుడునే చూసింది. నయం.

తొమ్మిదింటికి పద్మకుమారి వచ్చింది, వెనక లక్ష్మణమ్మ. పొందూరు నుంచి నిన్న సాయంత్రం తోలించుకొచ్చాను అని చెప్పడానికి మాటలు కూర్చుకున్నాను. లక్ష్మణమ్మ పెరట్లోకి వచ్చింది. ఆవును చూసింది. దాని కుడి చెవి కొంచెం చిరిగి ఉంటుంది. మా వీధిలో అందరికీ తెలుసు అది ఎవరి ఆవో. నాకు ఆ సంగతి అప్పటిదాకా తోచనే లేదు.

లక్ష్మణమ్మ నా మొహం చూసింది. నేను నేల చూశాను.

"ఇదేనా అమ్మా మీ ఆవు?" అంది పద్మకుమారి ఫోను పైకెత్తుతూ.

నేను నోరు తెరిచేలోపే లక్ష్మణమ్మ అంది: "ఇదేనమ్మా. పొందూరు నుంచి తెచ్చినాది. బేగి తీసుకో, ఎండెక్కుతన్నాది."

నేను చెప్పాలనుకున్న అబద్ధం ఆవిడ చెప్పింది. నా కోసం. మందిరానికి రాని మనిషి, నేను అబద్ధం ఆడనని నమ్మిన మనిషి. నా చేతిలో తాడు ఉంది. ఆ తాడు ఆవిడ మెడకు కట్టినట్టు అనిపించింది.

"నా ఆవు కాదమ్మా," అన్నాను. "జగన్నాధం ఆవు. నాకు ఆవే లేదు. ఎప్పుడూ లేదు. ఆవిడకేటీ తెలవదు. తప్పంతా నాది."

పద్మకుమారి ఫోను దించేసింది. చిన్న పిల్ల, పాపం. "సోమవారం దాకా ఆగుతాను. మీ సంఘం కూర్చుని ఏదో ఒకటి తేల్చి తీర్మానం రాసివ్వండి. లేకపోతే ఉన్నది ఉన్నట్టు పంపాలి," అని వెళ్ళిపోయింది.

లక్ష్మణమ్మ అరుగు మీద కూర్చుంది.

"ఏటే గున్నమ్మా. ఆవు లేదా?"

"లేదు."

"పొందూరులో?"

"పొందూరులోనూ లేదు."

"మరి దూడ?"

"ఆవే లేకపోతే దూడెక్కడిది వదినా."

లక్ష్మణమ్మ చీర చెంగు ముడి విప్పి ఏదో తీసి నా ముందు పెట్టింది. ఇత్తడి గంట. చిన్నది, దూడ మెడకు కట్టేది.

"బొబ్బిలి సంతలో కొన్నాను. నీ దూడకి. నూట ఇరవై రూపాయలు. ఏ దూడకి కట్టమంటావే ఇప్పుడు?"

అంతా చెప్పాను. ఫ్యాన్లు, భోజనాలు, అరుణశ్రీ, పెద్దక్షరాల పేరు. ఆవిడకు కోపం ఆవు లేనందుకు కాదు. "ఆ గుడికి నానూ సందా ఇస్తును కదే! సోములు బావ పేరంటే నానివ్వనా? అడిగితే నీ నోరు పడిపోద్దా? నా సంతకం ఎట్టుకుని దేవుడికి దానం సేసినావు. నీ దేవుడికి నీ సొమ్ము సాలలేదేటి, నా సొమ్ము కూడా కావలసొచ్చిందా?"

ఆ విధవరాలు తన రెండు కాసులే వేసింది. పక్కింటావిడ చేత సంతకం పెట్టించి తెచ్చి వేయలేదు.

గంట అక్కడే వదిలి వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 3

ఎవరూ రాలేదు. గంట బల్ల మీద ఉంది. ముట్టుకోలేదు.

ఏప్రిల్ 5

పాస్టరు గారి ఇంటికి వెళ్ళి చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. ఆయన తల వంచుకున్నారు.

"మీకు ముప్పై వేలు ఎక్కడివని నేను అడగాలి కదమ్మా. నాకు తెలుసు మీ దగ్గర లేవని. ఫ్యాన్లు వస్తున్నాయి కదా అని అడగలేదు," అన్నారు. ఆయన ముఖం చూడలేకపోయాను. సిగ్గు ఒకరితో ఒకరు పంచుకుంటే తగ్గుతుందంటారు. తగ్గలేదు.

ఫ్యాన్లు తీసి అమ్మేస్తానన్నాను. సగం ధర కూడా రాదన్నారు. చందా వసూలు చేసి ఇస్తామన్నారు. వద్దన్నాను. మళ్ళీ ఇంకొకరి డబ్బేనా.

"మరి దశమభాగం?" అని అడిగాను. అది మానేస్తే శాపం వస్తుందేమోనని నా భయం.

"ఎవరికో ఇవ్వవలసింది ఎగ్గొట్టి తెచ్చింది కానుక కాదు. ముందు అప్పు తీర్చండి. మాత్రలు రోజూ వేసుకోండి, అది కూడా దేవుడు అప్పగించిన పనే. వీలైతే పిడికెడు బియ్యం తెండి," అన్నారు.

పిడికెడు బియ్యం. అన్నం వండే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలకోసారి మందిరానికి ఇచ్చేవాళ్ళం, నేనూ ఆయనా. ఆయన పోయాక మానేశాను. చిన్నగా ఉంటుందని.

ఏప్రిల్ 6, ఆదివారం

మందిరంలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. ముందుగా అనుకున్నదేదీ రాలేదు. "ఈ ఫ్యాన్లు అప్పు చేసి, ఆవు కొంటానని అబద్ధమాడి తెచ్చాను. అప్పు తీరేదాకా మా ఆయన పేరు చెరిపెయ్యండి. ఆయన అప్పు మనిషి కాదు," అని చెప్పి కూర్చున్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరూ ఆమెన్ అనలేదు.

ప్రార్థన అయ్యాక టేబులు మీద కుర్చీ వేసి టీచరు గారే ఎక్కారు. కిరసనాయిలు గుడ్డతో ఒక్కొక్క రెక్క తుడిచారు. కుర్చీ పట్టుకుని అరుణశ్రీ నిలబడింది. ఎర్ర చుక్కలు ఆవిడ చీర మీద పడుతున్నా జరగలేదు. నేను దగ్గరకు వెళ్తే చెవిలో చెప్పింది: "మావి కూడా వాయిదాల మీదే తెచ్చాం పిన్నీ. ఇంకా రెండు నెలలు కట్టాలి. ఎవరికీ చెప్పకండి."

నేను చెప్పను. ఇక్కడ రాసుకున్నాను, అంతే.

ఏప్రిల్ 7, సోమవారం

సంఘం కూర్చుంది. పదిమందీ వచ్చారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టారు, లేదా నాకు అలా అనిపించింది.

ఒకావిడ అంది: "ఆవు పాలు మూడు లీటర్లంటే నమ్మినాను. నానూ వాడుక ఎట్టుకుందామనుకున్నాను." ఇంకొకావిడ, "దానికి జొరం కూడా వచ్చినాదంట కదా," అంది. నవ్వారు. నవ్వులోనే కోపం ఉంది. ఇద్దరు మాత్రం నవ్వలేదు, నన్ను సంఘంలోంచి తీసెయ్యాలన్నారు. వాళ్ళది తప్పు కాదు.

లక్ష్మణమ్మ అందరినీ ఆగమంది. "తీసేస్తే బాకీ ఎవుడు కడతాడు? నీ మొగుడా? ఉండనీ. ఇక్కడే ఉండి కట్టాల. ఒకటో తారీకు పింఛనొచ్చిన పూటే పాతిక వందలు నా సేతిలో ఎట్టాల. ముందు బాకీ, తరవాతే కూరా నారా. కొత్త అప్పు దీనికి లేదు. తీరేదాకా సంఘం లెక్కల సిట్టా కూడా అదే రాయాల, అక్షరాలొచ్చు కదా."

వడ్డీతో కలిపి ఇంకా ఇరవై ఏడు వేల ఐదు వందలు. పదకొండు నెలలు. ఆవు అని రాసింది తప్పని, తీసుకున్న మనిషి అలా కడుతుందని తీర్మానం రాశాం. అది కూడా నా చేతే రాయించారు. పద్మకుమారి చదివి, పైవాళ్ళు ఒప్పుకుంటేనే జూన్ అప్పు వస్తుందని చెప్పింది.

నా గురించి నేనే రాశాను: గున్నమ్మ ఆవు కొనలేదు. ఆవు అన్న మాట దగ్గర సిరా మరక పడింది.

ఏప్రిల్ 9

ఈశ్వరికి ఫోను చేసి చెప్పాను. "మాత్రలు ఏసుకుంటన్నావా?" అని మాత్రం అడిగింది.

ఏప్రిల్ 15

మాత్రలు రోజూ. బియ్యం డబ్బా కడిగి ఎండబెట్టాను. పిడికెడు వేశాను. నా పిడికిలి చిన్నదైపోయింది.

ఏప్రిల్ 21, సోమవారం

నిన్న ఈస్టరు. బియ్యం డబ్బా తీసుకెళ్ళి ఇచ్చాను. రెండు గ్లాసులు ఉంటాయేమో. పాస్టరు గారు అందరిలాగే తీసుకుని అందరివాటితో కలిపేశారు. ఏమీ అనలేదు. అనకపోవడం బాగుంది.

ఇవాళ సంఘం మీటింగు లక్ష్మణమ్మ వాకిట్లో జరగాల్సింది. ఎండ మండిపోతోంది. ఆవిడ అందరినీ లేపింది. "పదండి, సర్చిలో కూకుందాం. ఆ గాలి మన డబ్బులతోనే కదా తిరుగుతన్నాది. వడ్డీ కింద గాలన్నా తగలనీ."

పాస్టరు గారిని అడిగితే, రండమ్మా అని తాళం తీశారు. ఆయనకు ఫ్యాన్ల కింద డ్వాక్రా సంఘం కూర్చోవడం కొత్త. మా వాళ్ళలో కొందరికి మందిరంలోకి రావడమే కొత్త. చెప్పులు విప్పి, ఎటు కూర్చోవాలో తెలియక గోడ పక్కన కూర్చున్నారు.

లక్ష్మణమ్మ మాత్రం నేరుగా మధ్యలో, మా ఆయన ఫ్యాను కింద కూర్చుంది. తలెత్తి చూసింది. రంగు పూర్తిగా పోలేదు. తెల్ల రెక్క మీద మసకగా ఎర్ర నీడ ఉంది. ఆవిడకు అక్షరాలు రావు. అయినా అది ఏమిటో తెలుసు.

"పదకొండు నెలల తరవాత మల్లీ రాయిస్తావేటి?" అంది.

"తెలీదు వదినా."

"రాయిస్తే బావ పేరొక్కటే రాయించు. నీ పేరు సిట్టాలో ఉన్నాది, సాలు."

అందరూ నవ్వారు. చెవులు కాలిపోయాయి నాకు.

తర్వాత చెయ్యి చాపింది. "గంట తెచ్చినావా?"

తెచ్చాను. రెండు వారాలుగా ఇవ్వడానికి ధైర్యం లేక రోజూ సంచిలో పెట్టుకునే తిరుగుతున్నాను. ఆవిడ లేచి స్విచ్చిబోర్డు కింద మేకుకు గంట తగిలించింది. మళ్ళీ వచ్చి కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఒసే గున్నమ్మా, ఉడికిపోతన్నాం. ఆవుని తిప్పవే."

వెళ్ళి స్విచ్చి వేశాను. చెయ్యి తగిలి గంట మోగింది. వెనక్కి తిరగకుండా అక్కడే నిలబడ్డాను, వాళ్ళు నవ్వడం ఆపేదాకా.